బెయిలు ‘లేని’ నేరమా, బెయిలు హక్కు ‘కాని’ నేరమా?

రెండు తెలుగు రాష్ట్రాల అధికార భాషా సంఘాల పెద్దలకు, తీర్పులనూ చట్టాలనూ తెలుగులోకి తెస్తున్న అనువాదకులకు నమస్కారాలు.

నేను తెలంగాణలో ఒక చిన్న ఊరి కోర్టులో ముప్పై ఏళ్లుగా వకీలుగా పనిచేస్తున్నాను. చట్టాల మాటల్లో ముందు తగిలించే ఒక చిన్న ముక్క గురించి మీతో మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. బే, నా, గైరు, అ, నాన్ అనే ముక్కలవి. అన్నీ ‘లేదు, కాదు’ అనే చెప్తాయి. కానీ లేదు వేరు, కాదు వేరు. ఆ తేడా తెలియకపోతే మనిషికి ఏమవుతుందో పోయిన వానాకాలంలో నా కళ్లముందే చూశాను.

కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద ఒక తల్లి కూర్చుని ఉంది. పొలం గట్టు దగ్గర కొట్లాటలో కొడుకును పట్టుకుపోయారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. చెమటకు తడిసి మడతల దగ్గర చిరిగిపోతోంది. అందులో ఎవరో తెలుగులో రాసిచ్చారు, ‘బెయిలు లేని నేరము’ అని. ‘నాన్ బెయిలబుల్’కు తెలుగు అది. ఆమెకు చదువు రాదు. బస్సులో పక్కసీటు పిల్ల చేత చదివించుకుందట.

“బెయిలు లేదన్నరు వకీలమ్మా. ఇగ నా కొడుకు ఇంటికి రాడంట గదా” అంది.

అప్పటికే ఒక పైరవీకారు ఆమెను పట్టుకున్నాడు. బెయిలు లేని కేసును బెయిలు ఉన్న కేసుగా మార్పిస్తానని చెప్పి ముప్పై వేలు తీసుకున్నాడు. పుస్తెలతాడు కుదువబెట్టి తెచ్చిన డబ్బు అది. నాలుగు రోజుల తర్వాత మామూలుగా పిటిషన్ వేశాం, మేజిస్ట్రేటు గారు ఇద్దరి జమానతు, అంటే పూచీకత్తు మీద బెయిలు ఇచ్చారు. పిల్లవాడు ఇంటికి పోయాడు. మరునాడు ఆమె మళ్లీ వచ్చి నన్ను అడిగిన మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

“లేదన్న బెయిలు ఎట్లొచ్చిందమ్మా? ఆ ముప్పై వేలకేనా?”

ఆమెకు నేను జవాబు చెప్పాను. నమ్మిందని మాత్రం అనుకోను. కాగితం మీద ‘లేదు’ అని ఉంది, లేనిది వచ్చింది, మధ్యలో డబ్బు చేతులు మారింది. ఆమె లెక్కలో తప్పేముంది? తప్పు కాగితంలో ఉంది.

చట్టం చెప్పేది వేరే. బెయిలబుల్ నేరంలో బెయిలు నిందితుడి హక్కు. జమానతు ఇస్తే పోలీసులే వదలాలి, వదలకపోతే కోర్టు వదలాలి. నేర విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అందులో అది 478వ సెక్షన్. దానికి ముందున్న సీఆర్పీసీలో 436. నాన్ బెయిలబుల్ నేరంలో ఆ హక్కు ఉండదు. ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు విచక్షణ. కొత్తదాంట్లో 480, పాతదాంట్లో 437. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాల్లో మేజిస్ట్రేటు చేతులు చాలావరకు కట్టేసి ఉంటాయి, అక్కడ కూడా ఆడవాళ్లకూ పిల్లలకూ రోగులకూ దారి ఉంది. పైకోర్టులు సరేసరి. అంటే ‘నాన్ బెయిలబుల్’ అనే మాటలో బెయిలు లేకుండా పోలేదు. పోయింది హక్కు ఒక్కటే. దాన్ని తెలుగులో రాయాలంటే ‘బెయిలు హక్కు కాని నేరం’ అనాలి. లేని తీసేసి కాని పెట్టాలి, మధ్యలో ‘హక్కు’ అనే మాట చేర్చాలి. అంతే కావలసింది.

నాన్ బెయిలబుల్ వారెంటుదీ ఇదే గతి. పేపర్లో ఆ మాట పడగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఊరు విడిచి పారిపోయినవాళ్లను చూశాను. పోలీసులు తమంతట తాము జమానతు తీసుకుని వదలడానికి లేదు, కోర్టు ముందు నిలబెట్టాలి అన్నదే దాని అర్థం. వాయిదాకు రాలేకపోయినవాడు స్వయంగా కోర్టుకొచ్చి కారణం చెప్పుకుంటే వారెంటు వెనక్కి తీసుకోవడం మేం రోజూ చూసేదే. ‘బెయిలు లేని వారెంటు’ అని చదివినవాడు కోర్టుకు వస్తాడా, దూరంగా పోతాడా?

మా తాత నిజాం కాలంలో అదాలతులో ముహర్రిరు, అంటే కోర్టు గుమాస్తా. ఉర్దూలో రాసేవాడు, తెలుగులో చదివి వినిపించేవాడు. నా చిన్నప్పుడు అరుగు మీద కూర్చోబెట్టుకుని ఈ మాటలే ఆటలాగా అడిగేవాడు. “బేవారసు అంటే?” వారసులు లేని. “బేషరతు అంటే?” షరతులు లేని. “బేదఖలు?” దఖలు లేకుండా చేయడం, అంటే స్వాధీనంలోంచి వెళ్లగొట్టడం. తర్వాత గొంతు మార్చి “నామంజూరు?” అనేవాడు. నేను “మంజూరు లేని” అంటే ఒప్పుకునేవాడు కాదు. “మంజూరు కాని” అనాలి. “గైరుహాజరు?” హాజరు కాని. అప్పట్లో తాత చాదస్తం అనుకున్నాను. వకీలయ్యాక తెలిసింది, ఆయన నాకు వ్యాకరణం నేర్పాడని.

ఇవి పారశీకం నుంచి వచ్చిన ముక్కలు. ‘బే’ మామూలుగా నామవాచకానికి తగులుతుంది. వారసు, షరతు, దఖలు, ఖాతరు అన్నీ నామవాచకాలే. అది లేదు అని చెప్తుంది. ‘నా’ మామూలుగా గుణాన్నో స్థితినో చెప్పే మాటకు తగులుతుంది. మంజూరైనది, లాయకైనది, అలాంటివి. అది కాదు అని చెప్తుంది. ‘గైర్’ అరబ్బీ మాట, దాని అసలు అర్థం ‘వేరే’. కనుక అదీ కాదు వైపే. పారశీకం మాటకు ముందు పెట్టిన ఈ రెండింటినీ మన తెలుగు మొదటినుంచీ చివర పెట్టుకుంది, ‘లేని’ అనీ ‘కాని’ అనీ. ఇంగ్లీషుకు ఈ భాగ్యం లేదు. అక్కడ నాన్ అన్నా, అన్ అన్నా, ఇన్ అన్నా లేనిదేదో కానిదేదో చూపు ఆనదు. తెలుగులో పిల్లవాడికి కూడా తెలుసు. ‘ఇది నా పలక కాదు’ అంటాడు, ‘నా దగ్గర పలక లేదు’ అంటాడు. ఒకదాని చోట ఒకటి ఎప్పుడూ వాడడు.

ఈ ‘బే’ పాతకాలపు పారశీకంలో ‘అబే’ అని ఉండేది. ఈనాటి ఇరాన్‌లో దాన్ని ‘బీ’ అని పలుకుతారు. మన దేశానికి వచ్చిన పారశీకం పాత ఏకారాన్నే పట్టుకుని ఉండిపోయింది, అందుకే మన నోట్లో ‘బే’. ఇరాన్ వాళ్లు మర్చిపోయిన ఉచ్చారణ మన రెవెన్యూ కాగితాల్లో బతికి ఉందన్నమాట. ‘నా’ అయితే మనకు మరీ దగ్గర చుట్టం. సంస్కృతం ‘న’తో ఒకే వేరు. నాస్తికుడిలో, నామంజూరులో ఉన్నవి అన్నదమ్ములు. వీటిని పరాయివని తీసిపారేద్దామనేవాళ్లకు ఇది చెప్పాలనిపిస్తుంది.

ఇవి ఎలా వచ్చాయో మీకు తెలియంది కాదు. పారశీకం ఇక్కడ దర్బారు భాష. ఈస్టిండియా కంపెనీ వాళ్లు తమ కచేరీల్లోంచి దాన్ని తప్పించే వీలు కల్పించింది 1837 చట్టంతో. హైదరాబాదు రాజ్యంలో 1880ల దాకా అదే నడిచి, ఆ తర్వాత ఉర్దూ వచ్చింది. భాష మారింది గానీ కాగితం మీది మాటలు మారలేదు. సి.పి. బ్రౌన్ తెలుగు జిల్లాల్లో కచేరీల్లోనూ కోర్టుల్లోనూ పనిచేసినవాడు కనుక ఈ బాధ ఆయనకు తెలుసు. 1852లో జిల్లా నిఘంటువు, 1854లో మిశ్రభాషా నిఘంటువు వేశాడు. రైతు తెచ్చిన అర్జీలో ఏ మాట ఎక్కడిదో తెలియకపోతే న్యాయం చెప్పలేం అనుకున్నవాడు మాత్రమే అంత పని పెట్టుకుంటాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయం తెరవడానికి ముందే, 1917లో, హైదరాబాదులో అనువాద శాఖ పెట్టి ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. ముందు మాటలు స్థిరం చేసుకుని తర్వాత పాఠం చెప్పారు. మనం తలకిందులుగా పోతున్నామేమో అని నా భయం.

‘బేదఖలు’ దగ్గర కాస్త ఆగాలి. తెలంగాణలో ఇది నిఘంటువు మాట కాదు, నెత్తురున్న మాట. దొరలు కౌలుదార్లను భూమి మీంచి వెళ్లగొట్టడాన్ని జనం బేదఖళ్లు అన్నారు. వెట్టితో పాటు ఆ బేదఖళ్లకు ఎదురు నిలిచే 1940ల్లో సాయుధ పోరాటం లేచింది. 1950 హైదరాబాదు కౌలు చట్టంలో రక్షిత కౌలుదారు అనే మాట వచ్చింది ఆ పోరాటపు రోజుల్లోనే. మా పక్క పల్లెల్లో ముసలివాళ్లకు ఆ మాట ఇప్పటికీ వీపు మీద దెబ్బలాగా గుర్తుంది.

అదే మాట గుంటూరు నుంచి వచ్చిన మా జూనియరుకు తిరగబడింది. వాళ్ల వైపు ‘దఖలు దస్తావేజు’ అంటే ఆస్తిని ప్రేమతో రాసిచ్చే కాగితం. ‘దఖలు పడింది’ అంటే చేతికొచ్చింది. ఒకరోజు పాత ఫైలు గబగబా చదువుతూ “కక్షిదారుకు భూమి దఖలు పరిచారు కదమ్మా” అంది. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే మాట ముందు వెలిసిపోయిన సిరాలో ‘బే’ ఉంది. భూమి వచ్చిందనుకున్నవాడికి భూమి పోయింది. చదువుకున్న పిల్లే తడబడిందంటే, బంట్రోతు వరండాలో గట్టిగా అరిచి చెప్పేటప్పుడు విన్నవాడి సంగతేమిటి?

ఇక్కడే నా అసలు మాట ఉంది. తెలుగు చెవి ‘కాదు’ అనేదాన్ని వాక్యం చివర వెతుక్కుంటుంది. రాదు, లేదు, చెల్లదు, ఇవ్వను. మన భాష ఒప్పుకోవడమైనా కాదనడమైనా చివర తేలుస్తుంది. మాట మొదట్లో ఉన్న ఒక్క అక్షరం మీద అర్థమంతా ఆధారపడితే, ఆ అక్షరం గాలికి పోతుంది. పారశీకం పెట్టిన ‘బే’ అయినా, ఇంగ్లీషు పెట్టిన ‘నాన్’ అయినా, సంస్కృతం పెట్టిన ‘అ’ అయినా ఒకటే.

సంస్కృతం గురించి చెప్పాల్సింది ఇంకొంచెం ఉంది. మీ పదకోశాల్లో కొత్త మాటలు ఎక్కువగా ‘అ’తో, ‘అన’తో మొదలవుతున్నాయి. శుద్ధంగా కనిపిస్తాయి కనుక అభ్యంతరం చెప్పేవాళ్లు ఉండరు. కానీ సంస్కృత వ్యాకరణవేత్తలే ఈ ‘అ’కు ఆరు అర్థాలు చెప్పారు. దానిలాంటిది, అది లేకపోవడం, అది కాక వేరొకటి, అది కొంచెమే ఉండటం, తగనిది, విరుద్ధమైనది. కావ్యంలో ఆరు అర్థాలు అందం. సమన్లలో ఆరు అర్థాలు ప్రమాదం. ‘అనధికార నిర్మాణం’ అని నోటీసు వస్తుంది. అనుమతి లేని నిర్మాణమా, అనుమతిచ్చిన ప్లాను ప్రకారం కాని నిర్మాణమా? మొదటిదానికి ఒక జవాబు, రెండోదానికి ఇంకో జవాబు. ఇల్లు కట్టుకున్నవాడు ఏ జవాబు రాసుకోవాలి? లేని, కాని అని విడదీసి రాస్తే సగం తగాదా అక్కడే తేలుతుంది.

‘గైర్’ సంగతి మా వైపు పెద్దవాళ్లు మర్చిపోరు. 1919 ముల్కీ నిబంధనల నుంచి ఉద్యోగాలకు ముల్కీ అంటే స్థానికుడు, గైర్ ముల్కీ అంటే బయటివాడు అన్న గీత పడింది. 1952లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చింది ఆ మాట మీదే. 1972లో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లుతాయన్నాక రెండు ప్రాంతాలూ మళ్లీ అట్టుడికాయి. ఎవరిది న్యాయమన్నది ఈ ఉత్తరంలో తేల్చేది కాదు. గైర్ అంటే మొదట్నుంచీ ‘వేరే’ అని చెప్పాను కదా, ఒక ఉపసర్గ మనుషుల్ని వేరేవాళ్లను చేయగలదు.

మాట జారిపోతే ఎక్కడికి పోతుందో చూడండి. ‘బేవారసు’ అచ్చంగా కోర్టు మాట. వారసులు లేకుండా చనిపోయినవాడి ఆస్తి ప్రభుత్వానికి చేరుతుంది. రాజ్యాంగం 296వ అధికరణం చెప్పేది అదే, ఉమ్మడి రాష్ట్రంలో 1974లో దీనికి ప్రత్యేకంగా చట్టం కూడా చేశారు. అదే మాట ఇప్పుడు ‘బేవార్స్‌గాడు’ అయింది. ఎవరూ లేని మనిషి పేరు తిట్టుగా మారింది. అందుకే కోర్టులో ‘బేవారసు ఆస్తి’ అని చదివితే జనం నవ్వుతారు. అనాథగా పోయిన ఒక ముసలమ్మ ఇంటి గురించి చదువుతున్నప్పుడు ఆ నవ్వు విన్నాను, చాలా బాధేసింది. ఇలాంటిచోట ‘వారసులు లేని ఆస్తి’ అనే రాయాలి. ఎన్నాళ్ల పాత మాటైనా సరే, అక్కడ దాన్ని వదిలేయమనే నేను అడుగుతున్నాను.

‘బినామీ’ దానికి ఎదురు. అసలు రూపం బేనామీ, పేరు లేనిది. కాగితం మీద పేరు ఉంటుంది, ఉండాల్సినవాడి పేరు ఉండదు. 1854లోనే లండన్‌లో అప్పటి పై అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిలు ఈ పద్ధతిని మన దేశపు అలవాటుగా గుర్తించింది. 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది, 2016లో సవరించి ఏడేళ్ల దాకా జైలు పెట్టారు. ఈ మాటను అనువదించాల్సిన పనే లేదు. బినామీ అంటే ఏమిటో తెలియని ఊరు లేదు. హిందీ, ఉర్దూ కోర్టు కాగితాల్లో రెండు పార్టీల పేర్ల మధ్య ‘బనామ్’ అని ఉంటుంది, మనం ‘వర్సెస్’ అనేచోట. అక్కడ ‘బ’ అంటే ఫలానావారి పేరున అని. బనామ్‌కూ బేనామ్‌కూ మధ్య ఉన్నది ఒక్క అచ్చు. ఒకటి పేరు పెట్టి పిలుస్తుంది, ఇంకోటి పేరు దాస్తుంది. మా దగ్గర ‘బాజాప్తగా వచ్చి అడుగుతా’ అంటారు. అందులో ‘బా’ అంటే తో, ‘జాబ్తా’ అంటే నియమం. చదువురాని మనిషి కూడా నియమం తన వైపు ఉందని చెప్పడానికి ఆ మాట వాడతాడు. ఎంత గొప్ప మాట!

కనుక పాతవన్నీ తీసేయమనీ, పాతవన్నీ ఉంచమనీ నేను అనడం లేదు. జనం నోట్లో సరైన అర్థంతో బతికున్నవి ఉంచండి. నామంజూరు, గైరుహాజరు, బేషరతు, బినామీ అలాంటివి. అర్థం మసకబారినవాటి పక్కన, కొత్తగా ‘అ’తోనో ‘నాన్’తోనో వస్తున్నవాటి పక్కన, ‘లేని’ అనో ‘కాని’ అనో ‘రాని’ అనో ‘చెల్లని’ అనో తేల్చి రాయండి. ఒక్కో మాటకు పది నిమిషాలు కూర్చుని, ఇక్కడ ఏది లేదు, ఏది కాదు అని ప్రశ్న వేసుకుంటే చాలు. ‘నాన్ బెయిలబుల్’తో మొదలుపెట్టమని చేతులెత్తి అడుగుతున్నాను. దాని తర్వాత ‘నాన్ కాగ్నిజబుల్’. దాన్ని ‘గుర్తించదగని నేరం’ అని రాసిన కాగితం నా దగ్గరుంది. దెబ్బలు తిని స్టేషనుకు పోయిన ఆడమనిషికి నీ మీద జరిగింది గుర్తించదగ్గది కాదు అని చెప్పినట్టు ఉంటుంది అది. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయరాని, వారెంటు లేకుండా అరెస్టు చేయరాని నేరం అని దాని అర్థం. ‘కోర్టు ఉత్తర్వు కావలసిన నేరం’ అంటే ఆమె తిన్నగా కోర్టుకు వస్తుంది. ‘గుర్తించదగని’ అంటే ఇంటికి పోయి ఏడుస్తుంది.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, కాలం అలాంటిది. హైకోర్టు, సుప్రీంకోర్టు భాష ఇంగ్లీషే, 348వ అధికరణం అలా ఉంది. అయినా 2019 నుంచి సుప్రీంకోర్టు తన తీర్పులను తెలుగుతో సహా మన భాషల్లో పెడుతోంది, అందుకు ‘సువాస్’ అనే సాఫ్ట్‌వేరు సాయం కూడా తీసుకుంటోంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులోనే తీర్పు రాసింది. ఆరోజు మా బార్ గదిలో దాన్ని పైకి చదువుకున్నాం. ఒక సీనియరు కళ్లు తుడుచుకున్నాడు. 2024 జులై 1 నుంచి కొత్త నేరచట్టాలు వచ్చాయి, మాటలన్నీ మళ్లీ కూర్చుకోవాల్సి వస్తోంది. ఈ రెండు మూడేళ్లలో మీరు ఖాయం చేసిన మాటే యంత్రం నేర్చుకుంటుంది, స్టేషనులో రైటరు రాస్తాడు, విలేకరి అచ్చు వేస్తాడు. ‘బెయిలు లేని’ అని ఒకసారి నిలిచిపోతే మళ్లీ కదిలించడం మా తరం కాదు.

మా తాత నోటుపుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. ఎడమవైపు ఉర్దూ మాట, కుడివైపు తెలుగులో దాని అర్థం, తాటాకు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు. బే మాటలు ఒక పేజీలో, నా మాటలు ఇంకో పేజీలో విడివిడిగా రాసుకున్నాడు. ఆ రెండు పేజీలూ జిరాక్స్ తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దానితోపాటు ఆ తల్లి చేతిలోని కాగితం నకలు కూడా, పేర్లు కొట్టేసి. ఆమె కొడుకు కేసు వచ్చే నెల మళ్లీ పేషీకి వస్తోంది. పుస్తెలతాడు ఇంకా కుదువలోనే ఉంది.

ఇట్లు,
ఒక చిన్న ఊరి కోర్టు వకీలు